హిజ్లీ: దిగినవారి ఊరు

నిర్బంధ శిబిరం, బాంబర్ల స్థావరం, తొలి ఐఐటీ, చుట్టూ రైల్వే కాలనీలు. ఖరగ్‌పూర్ శివారులోని ఈ చోటుకి నూరేళ్లకు పైగా ఎవరో ఒకరు కొత్తగా వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు నిలదొక్కుకోవడానికి ఏం కావాలో తెలుగువారు తెలుసుకోవాలంటే ఇక్కడ ఒకసారి దిగాల్సిందే.

హిజ్లీ స్టేషన్‌లో దిగేవాళ్లలో చాలామందికి అది హిజ్లీ అని ప్రత్యేకంగా గుర్తుండదు. ఐఐటీకి వెళ్లే విద్యార్థులకు అది ఖరగ్‌పూర్‌కి ముందు వచ్చే చిన్న స్టేషన్. దక్షిణాది నుంచి టాటానగర్, అసన్‌సోల్ వైపు వెళ్లే కొన్ని దూరప్రాంతపు రైళ్లు ఖరగ్‌పూర్ జంక్షన్‌లోకి వెళ్లి ఇంజను మార్చుకునే అవస్థ లేకుండా ఇక్కడే కాసేపు ఆగి పక్కదారిన పోతాయి. అసలు జంక్షన్ అక్కడికి దగ్గరే. 1,072 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం దశాబ్దాల పాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా సాధారణ విజ్ఞాన పుస్తకాల్లో నిలిచింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో కర్ణాటకలోని హుబ్బళ్లి ఆ రికార్డును చెరిపేశాయి. ఖరగ్‌పూర్‌కి ఉన్న 'మినీ ఇండియా' అన్న పేరు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆ పేరు వట్టి గొప్ప కాదు. ఎర్రమట్టి నేల, సాల వృక్షాలు, వాటి మధ్య తిన్నగా గీసినట్టుండే రైల్వే కాలనీలు. బెంగాలీ, హిందీ, ఒడియా వినిపించే వీధుల్లోనే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వంటి పేటల్లో తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. తెలుగువాళ్లు చేసే మాతా పూజ ఇక్కడ దుర్గా పూజలాగే ఊరి పండుగ. పట్టణాన్ని కట్టినవాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు కాబట్టి వాళ్లని ఎవరూ శరణార్థులనరు. కానీ ఇదే రైలు మార్గం మీదుగా, ఇవే ప్లాట్‌ఫాంలు దాటుకుంటూ ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనుషులు కూడా వచ్చారు. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు.

జైలు గదుల నుంచి తరగతి గదులకు

హిజ్లీ పేరు చరిత్రలోకి ఎక్కింది ఒక నిర్బంధ శిబిరం వల్ల. శాసనోల్లంఘన ఉద్యమం నాటికి బెంగాల్ జైళ్లు నిండిపోవడంతో 1930లో ఇక్కడి ఓ ప్రభుత్వ భవనాన్ని బ్రిటిష్ పాలకులు విచారణ లేని ఖైదీలకు శిబిరంగా మార్చారు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. మృతదేహాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీ వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో బహిరంగ సభకు వచ్చి నిరసన తెలిపారు.

శిబిరం 1942లో మూతపడింది. ఆ తర్వాత అక్కడికి వచ్చినవాళ్లు అమెరికన్లు. 1944లో బీ-29 విమానాలతో తూర్పు ఆసియాపై దాడులు చేసిన 20వ బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయం ఖరగ్‌పూర్. యుద్ధం ముగిశాక ఆ చోటు మళ్లీ ఖాళీ. అప్పుడే దేశానికి ఓ ఉన్నత సాంకేతిక విద్యాసంస్థ కావాలన్న ఆలోచన ఆచరణలోకి వస్తోంది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చొరవతో 1950లో కలకత్తా ఎస్ప్లనేడ్‌లో మొదలైన సంస్థ అదే ఏడాది హిజ్లీకి మారింది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. తొలి బ్యాచ్‌లో 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులు. తరగతులు జరిగింది ఖైదీలను ఉంచిన భవనంలోనే. ఇప్పుడది షహీద్ భవన్. 1990 నుంచి అందులో నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం నడుస్తోంది.

దేశంలో ఐఐటీల కథ చెప్పేవారంతా ఇక్కడితో ఆగిపోతారు. హిజ్లీకి కూతవేటు దూరంలోని సలువా దాకా వెళితే అదే కాలంలో జరిగిన మరో కథ కనిపిస్తుంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి విభజన ముందు వరకు కేంద్రం ఢాకాలోని పిల్‌ఖానా. 1947లో ఆ దళంలోని గూర్ఖా జవాన్లు భారత్‌ను ఎంచుకుని కుటుంబాలతో సహా ఇటు తరలివచ్చారు. ఇప్పటికీ దళం కేంద్రం సలువాలోనే. రాత్రికి రాత్రి పరాయిదైపోయిన ఊరిని వదిలి వచ్చినవాళ్లే వీళ్లూ. కాకపోతే ఉద్యోగం, జీతం, ఉండటానికి చోటు వాళ్ల వెంటే వచ్చాయి. అదే ఢాకా నుంచి అదే ఏడాది వచ్చిన ఓ చిన్న దుకాణదారుకి ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

విభజన సమయంలో ప్రభుత్వోద్యోగులకు, రైల్వే సిబ్బందికి ఏ దేశంలో పనిచేస్తారో ఎంచుకునే వీలిచ్చారు. ఎంచుకున్నవారు బదిలీ ఉత్తర్వుతో వచ్చారు. మిగిలినవారు మూటాముల్లెతో వచ్చారు. ఆ తర్వాత రెండు మూడు తరాల పాటు వాళ్ల బతుకులు ఏ దారిన నడిచాయన్నది ఈ తేడా మీదే చాలావరకు ఆధారపడింది.

ఓడెక్కితే రంగం, రైలెక్కితే ఖరగ్‌పూర్

ఉత్తరాంధ్ర పల్లెల్లో పని దొరకని యువకుడికి 20వ శతాబ్దం తొలి దశకాల్లో రెండు దారులుండేవి. ఒకటి భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం పోవడం. రంగూన్‌కి ఇక్కడి జనం పెట్టుకున్న పేరది. రెండోది రైలెక్కి ఖరగ్‌పూర్ పోవడం. వాల్తేరు దాకా ఉన్న తీర రైలు మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చాక ఆ కంపెనీ వర్క్‌షాపుకి, లైను పనులకి, లోకో షెడ్లకి కావాల్సిన కూలీలు విశాఖ, గంజాం జిల్లాల నుంచే వచ్చారు. ముందు వెళ్లినవాడు బావమరిదిని, బావమరిది తన ఊరివాడిని పిలిపించుకున్నాడు. 1920ల చివర్లో ఉద్యోగాల కోతపై బీఎన్ఆర్ కార్మికులు సమ్మెకు దిగితే నాయకత్వం వహించింది తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. తెలుగు కార్మికులకు ఆయన మనవాడు.

రంగం దారి మరింత ఆకర్షణీయం, మరింత ప్రమాదకరం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో దాదాపు 10 లక్షల మంది భారతీయులుంటే రంగూన్ నగరంలోని 4 లక్షల మందిలో సగానికి పైగా వాళ్లే. తెలుగువారు ఎక్కువగా రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మీయులు వాళ్లని కొరంగీలు అన్నారు. ఆ మాటలో చులకన ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్న యాజమాన్యాలు సమ్మె ముగియగానే వాళ్లని తీసేశాయి. దాంతో రేగిన ఘర్షణల్లో తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో బలయ్యారు. కొత్తవాడిని, స్థానికుడిని ఒకే కూలి కోసం పోటీకి నిలబెడితే ఏమవుతుందో అప్పుడే తెలిసొచ్చింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఓడల్లో చోటు దొరికినవాళ్లు దొరికినట్టు బయటపడ్డారు. మిగిలినవారు కాలినడకన బయలుదేరారు. ఒక దారి అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్‌కి, మరొకటి తాము మీదుగా ఇంఫాల్, దిమాపూర్‌కి, ఇంకొకటి హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లెడోకి. భారత్ చేరినవారు 4 నుంచి 5 లక్షల మంది. మలేరియా, కలరా, ఆకలితో దారిలోనే రాలిపోయినవారి సంఖ్య పది వేల నుంచి యాభై వేలకు పైగా ఉంటుందని అంచనాలు. తెల్లవారికి మేలైన దారులు, నల్లవారికి దుర్గమమైన దారులు కేటాయించారన్న ఆరోపణపై అప్పట్లో దేశమంతా మండిపడింది.

ఆ దారుల్లో బతికి బయటపడినవారికి మొదట అన్నం పెట్టిందెవరు? అస్సాంలో తేయాకు తోటల యజమానుల సంఘం ఇండియన్ టీ అసోసియేషన్ తన తోటల సిబ్బందిని, కూలీలను, లారీలను రంగంలోకి దించి శిబిరాలు నడిపింది. అక్కడి నుంచి రైళ్లలో కలకత్తా. కలకత్తా నుంచి ఉత్తరాంధ్రకు వెళ్లాలంటే ఉన్న రైలు దారి ఒక్కటే: బీఎన్ఆర్ మార్గంలో ఖరగ్‌పూర్, కటక్, బరంపురం మీదుగా వాల్తేరు. రంగం నుంచి కట్టుబట్టలతో తిరిగొస్తున్నవాళ్ల రైలు, ఇరవై ముప్పై ఏళ్ల కిందట అవే ఊళ్ల నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడినవాళ్ల ముందు నుంచి సాగిపోయింది. ఒకే ఊరి అన్నదమ్ముల్లో ఎవరు ఓడెక్కారు, ఎవరు రైలెక్కారు అన్నదే తేడా.

సొంతూరు చేరాకైనా నెమ్మది దక్కిందా అంటే అదీ లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపైనే బాంబులు వేశాయి. భయంతో తీరప్రాంత పట్టణాలు ఖాళీ అవుతున్న రోజుల్లో రంగం నుంచి వచ్చినవాళ్లు ఆ పట్టణాల్లో అడుగుపెట్టారు. వాళ్లలో అత్యధికులకు కాలనీలు కట్టలేదు, భూములు పంచలేదు. పుట్టింటి పంచ, మేనమామ పొలం, అన్నగారి గుడిసె... అవే వాళ్ల పునరావాస కేంద్రాలు. మనీయార్డర్లు పంపినంత కాలం గౌరవం పొందిన మనిషి ఉన్నట్టుండి తినడానికి మరో నోరైపోయాడు. ఆ బరువు మోసింది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే.

రెండేళ్లు తిరిగేసరికి చరిత్ర మరో వింత చేసింది. 1944 నవంబరులో రంగూన్‌లోని మలగోన్ రైల్వే యార్డుపై బీ-29 విమానాలు బాంబులు కురిపించాయి. ఆ విమానాల దళాన్ని నడిపింది ఖరగ్‌పూర్ నుంచే.

చోటివ్వడమా, దయ చూపడమా?

తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి అనుభవం వేరు. 1951 జనాభా లెక్కలు పశ్చిమ బెంగాల్‌లో దాదాపు 21 లక్షల మంది నిర్వాసితులను నమోదు చేశాయి. పంజాబ్‌లో వలస ఒక్క ఉప్పెనలా వచ్చి ఆగింది, అటు వెళ్లినవారి ఆస్తులు ఇటు వచ్చినవారికి పంచారు. బెంగాల్‌లో అది ఆగుతూ సాగుతూ దశాబ్దాలు నడిచింది. పరిస్థితి చక్కబడితే వీళ్లు తిరిగి వెళ్లిపోతారని ఢిల్లీ ఏళ్ల తరబడి నమ్మింది. 1950 ఏప్రిల్‌లో కుదిరిన నెహ్రూ-లియాఖత్ ఒప్పందం ఆశయం కూడా అదే. వెళ్లిపోతారనుకున్నవారికి గంజి పోస్తారు తప్ప ఇల్లు కట్టరు.

దాంతో ఇళ్లు వాళ్లే కట్టుకున్నారు. యుద్ధం వదిలేసిన సైనిక బారకాసులు కలకత్తా శివారులో బిజయ్‌గఢ్ కాలనీ అయ్యాయి. నదియా జిల్లాలోని ధుబులియా వైమానిక స్థావరం శరణార్థి శిబిరమైంది. హిజ్లీలో యుద్ధకాలపు భవనాలు ఐఐటీ అయితే, మరోచోట అలాంటివే నిరాశ్రయుల గూళ్లయ్యాయి. శరణార్థులు సంఘాలు పెట్టుకుని స్థలాలు ఆక్రమించారు, బడులు కట్టుకున్నారు, ఖాళీ చేయించడానికి వచ్చినవారిని ఎదిరించారు. దశాబ్దాల పోరాటం తర్వాత ఆ కాలనీలకు పట్టాలొచ్చాయి.

పోరాడలేనివారి పరిస్థితి ఏమిటి? మగదిక్కులేని స్త్రీలు, ముసలివారు, వికలాంగులను ప్రభుత్వం విడిగా శిబిరాల్లో ఉంచి వాటికి 'పర్మనెంట్ లయబిలిటీ' క్యాంపులని పేరు పెట్టింది. శాశ్వత భారం అని అర్థం. కళ్లెదుటే సర్వం కోల్పోయిన మనిషిని దస్త్రాల్లో అప్పు పద్దులా రాసుకున్నారన్నమాట.

1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. పద్మా నది ఒడ్డున వరి పండించిన రైతులను బస్తర్, కోరాపుట్ ఎర్రనేలల్లో స్థిరపరచాలన్నది పథకం. కలకత్తా నుంచి రాయ్‌పూర్ దగ్గరి మానా శిబిరానికి వెళ్లే దారిలో ఖరగ్‌పూరే పెద్ద జంక్షన్. నీళ్ల మనిషిని రాళ్ల నేలకి పంపిన ఆ ప్రయోగం సగం ఫలించింది. మల్కన్‌గిరి, పరల్‌కోట్ ప్రాంతాల్లో కష్టపడి నిలదొక్కుకున్న కుటుంబాలున్నాయి. 1978లో వేలాది మంది ఆ నేలను వదిలి తిరిగి బెంగాల్ చేరారు. సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో వాళ్లు వేసుకున్న ఊరిని 1979 మేలో ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించింది. ఆ ఘటనలో ఎందరు చనిపోయారన్న వివాదం నేటికీ తేలలేదు.

ఆ వలసలో ఒక పాయ తెలుగు నేలకూ చేరింది. 1960లలో తూర్పు పాకిస్తాన్ శరణార్థులు కొందరిని ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్ పరిసరాల్లో స్థిరపరిచారు. ఇప్పుడు ఆ ప్రాంతం కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ ఒక ఊరి పేరు నజ్రుల్‌నగర్. బెంగాలీ కవి పేరు తెలంగాణ ఊరికెందుకని అడిగేవారికి ఖరగ్‌పూర్‌లో తెలుగు అమ్మవారి జాతర ఎందుకని అడిగేవారికి చెప్పే జవాబే చెప్పాలి.

రెండోసారి రంగం

1964 సంవత్సరం ఈ రెండు కథలకూ మలుపు. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్‌లో అల్లర్లతో మరో పెద్ద వలస మొదలైంది. అదే ఏడాది బర్మాలో జనరల్ నె విన్ ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసింది. మేలో 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేసింది. యుద్ధం తర్వాత ధైర్యం చేసి తిరిగి రంగం వెళ్లినవాళ్లు, అసలు వదిలిరానివాళ్లు మరోసారి రోడ్డున పడ్డారు. నగదు, నగలు తీసుకెళ్లడంపై కఠినమైన ఆంక్షలు. భారత ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఓడలు మద్రాసు, విశాఖపట్నం రేవులకు వాళ్లని చేర్చాయి.

1942కీ 1964కీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ఈసారి వచ్చినవారి పేర్లు రాసుకున్నారు. కాందిశీకులుగా గుర్తింపు పత్రాలిచ్చారు. శిబిరాలు, తర్వాత కాలనీలు, చిన్న వ్యాపారాలకు రుణాలు, కొన్ని ఉద్యోగాలు. విశాఖలో బర్మా క్యాంప్ అన్న పేరు ఆ రోజుల నుంచి వచ్చిందే. బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసం 1969లో చెన్నై కేంద్రంగా రెప్కో బ్యాంకు పుట్టింది. సాయం సరిపోయిందని ఎవరూ అనరు. బర్మాలో దుకాణం నడిపిన మనిషి ఇక్కడ తోపుడుబండితో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బర్మీస్‌లో చదువుకున్న పిల్లలు తెలుగు అక్షరాలు కొత్తగా దిద్దారు. అయినా చేతిలో ఒక కాగితం, పేరున ఒక స్థలం ఉన్నందువల్ల వాళ్లు ఎవరి పంచనా భారంగా మిగలలేదు.

క్వార్టర్ ఖాళీ చేశాక

ఈ మూడు వలసల పక్కన ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువారిని నిలబెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. శరణార్థికి లేనిది, వీళ్లకి ఉన్నది మొదటి రోజు నుంచే జీతం, కప్పు, అప్పటికే ఆ ఊళ్లో ఉన్న చుట్టం. ఆ మూడూ ఉంటే భాష రానివాడు కూడా ఊరివాడైపోతాడు. వాటిలో రెండు లేకపోయినా పదేళ్లు గడిచినా 'వచ్చినవాడు'గానే మిగులుతాడు.

రైల్వే కుటుంబానికీ ఒక పరీక్ష ఉంది. అది ఆలస్యంగా వస్తుంది. పదవీ విరమణ చేసిన ఉద్యోగి కొన్ని నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు తాత వదిలొచ్చిన శ్రీకాకుళం పల్లెకు వెళ్లాలా, పుట్టి పెరిగిన ఖరగ్‌పూర్‌లోనే గజం స్థలం కొనుక్కోవాలా? పల్లెలో పొలం ఎప్పుడో దాయాదుల పాలైంది. అక్కడ మాట్లాడితే 'మీ తెలుగు వేరేగా ఉందే' అంటారు. ఇక్కడ బెంగాలీ అనర్గళంగా మాట్లాడినా పేరు వినగానే 'ఏ ఊరు?' అని అడుగుతారు. చాలామంది ఇక్కడే ఉండిపోయారు. రైల్వే సరిహద్దు దాటి పట్టణం విస్తరించిన పేటల్లో వాళ్ల సొంత ఇళ్లున్నాయి.

ఉండిపోయినవారికి భాష సమస్యగా మిగిలింది. తెలుగులో చదివితే ఉద్యోగం రాదు, చదవకపోతే మనవడికి నాయనమ్మ మాట తెలియదు. తెలుగును గుర్తించాలన్న ఇక్కడివారి కోరిక చాలా పాతది. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది. ఓట్ల లెక్క లేకపోలేదు. లెక్కలోకి రావడం కూడా గుర్తింపే. ఆ హోదా బడిలో ఉపాధ్యాయుడిగా, పరీక్షలో ప్రశ్నపత్రంగా మారితేనే దానికి అర్థం.

శరణార్థుల విషయంలో 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. అందుకే ఎవరొచ్చినా ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టినట్టే ఉంటుంది. 1971లో దాదాపు కోటి మంది వస్తే ఏడాది పాటు అన్నం పెట్టిన దేశమే, అంతకు ముందు వచ్చినవారిలో కొందరి పౌరసత్వాన్ని యాభై అరవై ఏళ్లు తేల్చలేదు. 2019లో తెచ్చిన పౌరసత్వ సవరణ చట్టానికి 2024 మార్చిలో నిబంధనలొచ్చాయి. ఎవరికి దారి తెరిచారు, ఎవరికి మూశారన్న వాదన నడుస్తూనే ఉంది. ఎప్పుడో తాతల కాలంలో సరిహద్దు దాటినప్పుడు ఇచ్చిన చీటీ కోసం బెంగాల్‌లో ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ ట్రంకు పెట్టెలు వెతుకుతున్నారు.

హిజ్లీలో షహీద్ భవన్ చూసేందుకు వచ్చేవారు ఐఐటీ వైభవాన్ని చూసి వెళతారు. అది చూడదగ్గదే. వీలుంటే అక్కడి నుంచి సలువా దాకా, తర్వాత నింపురా తెలుగు పేటల దాకా వెళ్లాలి. నిర్బంధితులు, సైనికులు, జవాన్లు, విద్యార్థులు, కూలీలు ఒకరి తర్వాత ఒకరు దిగిన ప్రాంతమిది. వాళ్లలో త్వరగా స్థిరపడింది ధైర్యం ఎక్కువున్నవారో తెలివి ఎక్కువున్నవారో కాదు. దిగిన రోజునే పని, తలుపున్న గది, పిల్లలకు బడి, పేరున్న కాగితం దొరికినవారు. రంగం నుంచి నడిచొచ్చినవారికి వాటిలో ఒక్కటీ దొరకలేదు. వాళ్ల పేరున ఉత్తరాంధ్రలో ఒక జ్ఞాపక ఫలకమైనా కనిపించడం అరుదు. కొత్తగా వచ్చినవారికి ఈ దేశం ఏం ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, ఒకప్పుడు తమవారే ఆ వరసలో నిలబడ్డారన్న సంగతి తెలుగువారు గుర్తుంచుకోవడం మంచిది.